పట్టు విడవడానికే ఇంధనం: మయోసిన్ జీవితచరిత్ర

జంతువుల కణాలలోనూ మొక్కల కణాలలోనూ శిలీంధ్రాలలోనూ చివరకు ఏకకణజీవి అయిన అమీబాలోనూ ఆక్టిన్ అనే ప్రోటీన్‌తో కట్టిన సన్నని తంతువులు ఉంటాయి. ఆ తంతువులను పట్టుకుంటూ విడుస్తూ, వాటి వెంబడి ఒక నిర్ణీత దిశలో జరుగుతూ, కొన్నిచోట్ల బరువులు మోసే, మరికొన్నిచోట్ల తంతువునే లాగే ప్రోటీన్ అణువులను మయోసిన్లు అంటారు. మనిషి చేయి ఎత్తినా, గుండె కొట్టుకున్నా, ఒక కణం రెండుగా చీలేటప్పుడు దాని నడుము బిగుసుకున్నా, వెంట్రుకకు నలుపునిచ్చే రంగురేణువు తన చోటికి చేరినా, ఆ పనులన్నిటి అడుగున ఉన్నది ఈ రెండు ప్రోటీన్ల పొత్తే. రసాయన శక్తిని మధ్యలో వేడిగా మార్చకుండా నేరుగా కదలికగా మార్చగలిగిన అణువులు కాబట్టి వీటిని మోటారు ప్రోటీన్ల జాబితాలో చేర్చారు. ఈ మోటారు పేరు 1864 నుంచి శాస్త్రగ్రంథాలలో ఉన్నా, దాని పనితీరు తెలియడానికి శతాబ్దానికి పైగా పట్టింది. ఆ జాప్యానికి ఒక ముఖ్య కారణం, అది ఇంధనాన్ని వాడుకునే ఘట్టం ఎవరూ వెతికిన చోట లేకపోవడం. లాగడానికి ఇంధనం కావాలని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే మయోసిన్‌కు ఇంధనం ముందుగా కావలసింది పట్టు విడవడానికి.

ఇది ఎందుకు అలా ఉందో గ్రహించాలంటే ఈ యంత్రం పనిచేసే పరిసరాలను ముందుగా చెప్పుకోవాలి, ఎందుకంటే మనుషులు చేసిన మామూలు ఇంజన్లలో ఏదీ అటువంటి చోట పనిచేయలేదు. మయోసిన్‌లో కదలికను పుట్టించే భాగాన్ని తల అంటారు. దాని పొడవు 20 నానోమీటర్లకు మించదు, నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. అంత చిన్న వస్తువుకు నీరు అతి చిక్కని ద్రవంలా అడ్డుపడుతుంది కాబట్టి అక్కడ జడత్వం లెక్కలోకి రాదు; తోపు ఆగిన మరుక్షణమే కదలికా ఆగుతుంది, ఒక పరమాణువు వెడల్పంత దూరం కూడా ముందుకు జారదు. పైగా నీటి అణువులు ఎడతెరపి లేకుండా ఢీకొడుతూ ఆ తలను అన్ని వైపులకూ విసిరివేస్తుంటాయి. ఇదే బ్రౌనియన్ చలనం. కణంలో ఒక ఇంధన అణువు విచ్ఛిన్నమైనప్పుడు వచ్చే శక్తి ఈ కుదుపుల వెనక ఉన్న ఉష్ణశక్తి ప్రమాణానికి ఇరవై రెట్లకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. అందువల్ల ఇక్కడ వేగం అందుకుని దూసుకుపోవడం అనే ఆలోచనకే చోటు లేదు. గట్టిగా పట్టుకోగలగడం, సరైన సమయంలో వదలగలగడం, ఈ రెండే ఆ యంత్రానికి ఉన్న ఉపాయాలు.

దారి అయిన ఆక్టిన్ కూడా దీనికి తగినట్టే ఉంటుంది. కండరంలోని ఆక్టిన్ అణువు 375 అమైనో ఆమ్లాల గొలుసు ముడుచుకుని ఏర్పడిన గుండ్రని ముద్ద. అటువంటి ముద్దలు ఒకదానికొకటి అతుక్కుంటూ, రెండు పేటలుగా పెనవేసుకుని, సుమారు 7 నానోమీటర్ల మందం గల తంతువు అవుతాయి. ఆ పెనవేతలో ప్రతి 36 నానోమీటర్లకు ఒకసారి తంతువు ముఖం దాదాపు అదే వైపుకు తిరిగివస్తుంది, ఈ కొలత తర్వాత చాలా అవసరపడుతుంది. ముద్దలన్నీ ఒకే వైపు ముఖం పెట్టి చేరతాయి కాబట్టి తంతువు రెండు కొనలూ ఒకటి కావు. చురుకుగా పెరిగే కొనను ధనకొన అని, నెమ్మదిగా పెరిగే కొనను రుణకొన అని పిలుస్తారు. తంతువును తాకిన మయోసిన్‌కు ఎటు పోవాలో చెప్పే గుర్తు మరేదీ లేదు, ఆ ముఖాల వరుసే గుర్తు.

మయోసిన్‌కు ఆ పేరు పెట్టినవారు జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ క్యూనే. కప్ప కండరాన్ని గడ్డకట్టించి, నూరి, ఉప్పుతో కలిపి పిండినప్పుడు వచ్చిన ద్రవం కొంతసేపటికి తనంత తానే గడ్డకట్టడం గమనించి, ఆ గడ్డకు కారణమైన పదార్థానికి 1864లో మయోసిన్ అని పేరిచ్చారు. ఆయన దృష్టిలో అది కండరాన్ని కట్టిన పదార్థం, శవం బిగుసుకుపోవడానికి కారణమయ్యే పదార్థం. అది యంత్రమన్న ఊహ అప్పటికి ఎవరికీ లేదు. ఎంజైమ్ అనే మాటను కూడా తర్వాత ఆయనే ప్రవేశపెట్టారు గాని, తాను పేరుపెట్టిన మయోసినే ఒక ఎంజైమ్ అవుతుందని ఊహించే అవకాశం ఆయనకు లేకపోయింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పరిశోధకుల చూపు యంత్రం మీద కాక ఇంధనం మీద ఉండేది. అలసిన కండరంలో లాక్టిక్ ఆమ్లం చేరుతుంది కాబట్టి ఆ ఆమ్లమే కండరాన్ని ముడుచుకునేలా చేస్తుందన్న అభిప్రాయం బలపడింది. 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా కండరంలోని వేడినీ లాక్టిక్ ఆమ్లాన్నీ అధ్యయనం చేసిన ఆర్చిబాల్డ్ హిల్, ఓటో మేయర్‌హాఫ్‌లకే దక్కింది. ఆ అభిప్రాయానికి మొదటి దెబ్బ హార్వర్డ్ వైద్య కళాశాల నుంచి తగిలింది. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు అక్కడ సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ, అతి తక్కువ మోతాదులో ఉన్న ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతిని రూపొందించారు. 1925లో ప్రచురితమైన ఆ పద్ధతి జీవరసాయన ప్రయోగశాలలలో ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా స్థిరపడిపోయింది. ఆ కొలతలతోనే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని, కండరం పనిచేసినప్పుడు అది తరిగి, విశ్రాంతిలో మళ్లీ పూడుతుందని 1927లో వారు చూపారు. 1929లో అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే మరో ఫాస్ఫరస్ పదార్థాన్ని జర్మనీలో మేయర్‌హాఫ్ ప్రయోగశాలకు చెందిన కార్ల్ లోమన్, బోస్టన్‌లో ఫిస్కే, సుబ్బారావు విడివిడిగా కండరం నుంచి వేరుచేశారు. ఏటీపీగా లోకానికి పరిచయమైన ఇంధనం అదే. మూడు ఫాస్ఫేట్ గుంపులలో చివరిది ఊడిపోయి ఏడీపీగా మారేటప్పుడు శక్తి విడుదల కావడం దాని గుణం. సుబ్బారావు పేరును తెలుగు పాఠకులు ఎక్కువగా మందుల తయారీతో కలిపి గుర్తుంచుకుంటారు. కండర శాస్త్ర చరిత్రలో ఆయన స్థానం అంతకంటే తక్కువది కాదని చెప్పడం అతిశయోక్తి కాదు. 1930లో డెన్మార్క్‌కు చెందిన ఐనార్ లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా విషమిచ్చిన కండరం కూడా కొంతసేపు ముడుచుకోగలదని నిరూపించడంతో పాత సిద్ధాంతం నిలవలేకపోయింది.

ఇంధనానికీ యంత్రానికీ మధ్య సంబంధం మాస్కోలో బయటపడింది. వ్లదీమిర్ ఎంగెల్‌హార్ట్, ఆయన భార్య మిలిత్సా ల్యుబిమోవా 1939లో ప్రకటించిన దాని ప్రకారం, ఏటీపీని విడగొట్టే ఎంజైమ్ కోసం కండరంలో మరెక్కడా వెతకనక్కరలేదు, ఆ ఎంజైమ్ మయోసినే. అంతవరకు నిర్మాణ పదార్థం అనుకున్నది ఇంధనాన్ని దహించేది కూడా అని తేలడం ఆ కాలానికి పెద్ద ఆశ్చర్యం.

ఆ వార్త హంగరీలోని సెగెద్ నగరంలో ఆల్బర్ట్ సెంట్-జార్జి చెవిన పడింది. సి విటమిన్ మీద కృషికి 1937లోనే నోబెల్ పొందిన ఆయన, రెండో ప్రపంచయుద్ధం యూరప్‌ను చుట్టుముట్టిన రోజుల్లో కండరం వైపు తిరిగారు. ఆయన సహపరిశోధకురాలు ఇలోనా బంగా కండరపు తురుమును ఉప్పునీటిలో కొద్దిసేపే ఉంచి తీసిన మయోసిన్ పల్చగాను, రాత్రంతా నానబెట్టి తీసిన మయోసిన్ బంకలా చిక్కగాను ఉండడం గమనించారు. చిక్కని దానిలో కొద్దిగా ఏటీపీ కలిపితే అది కూడా పల్చబడింది. రెండింటికీ తేడా ఏమిటో వెతికిన యువ శాస్త్రవేత్త బ్రూనో స్ట్రౌబ్, రెండోదానిలో మయోసిన్‌తో పాటు మరో ప్రోటీన్ చేరిందని 1942లో కనిపెట్టి దానిని వేరుచేశారు, అదే ఆక్టిన్. (ఈ స్ట్రౌబే దాదాపు అర్ధశతాబ్దం తర్వాత హంగరీ అధ్యక్షమండలికి చివరి అధ్యక్షుడయ్యారు, ఒక ప్రోటీన్‌ను కనిపెట్టి దేశాధినేత అయినవారు చరిత్రలో అరుదు.) ఈ రెండు ప్రోటీన్ల మిశ్రమంతో దారాలు తీసి, ఉప్పు తక్కువగా ఉన్న నీటిలో ఉంచి, ఏటీపీ చేర్చినప్పుడు ఆ దారాలు కళ్లముందే ముడుచుకున్నాయి. ప్రాణం లేని రెండు పదార్థాలు ఒక గాజుపాత్రలో ప్రాణి చేసే పని చేయడం చూసిన ఆ క్షణం తన జీవితంలోనే అత్యంత ఉత్తేజకరమైనదని సెంట్-జార్జి తర్వాత చెప్పుకున్నారు. గెస్టపో వెంటాడుతుండగా అజ్ఞాతంలోకి పోయిన ఆయన ఫలితాలు బయటి ప్రపంచానికి చేరడానికి యుద్ధం ముగియవలసి వచ్చింది.

సెగెద్ ఫలితాలలో ఒక పేచీ దాగి ఉంది. ఉప్పు ఎక్కువైన ద్రావణంలో ఏటీపీ ఆక్టిన్‌నూ మయోసిన్‌నూ విడదీస్తున్నది, ఉప్పు తక్కువైన దారంలో అదే ఏటీపీ వాటిని ఒకదాని మీదికి ఒకటి లాగుతున్నది. విడదీసేదీ లాగేదీ ఒకటే ఎలా అవుతుంది? ఉప్పు మోతాదు వల్ల వచ్చిన తేడాగా దానిని అప్పట్లో పక్కన పెట్టారు గాని, నిజానికి మయోసిన్ రహస్యమంతా ఆ పేచీలోనే ఉంది. దానిని విప్పడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది.

మధ్యకాలంలో తేలవలసిన మరో సంగతి ఉండేది: కండరం పొట్టిబడినప్పుడు లోపల పొట్టిబడేది ఏది? ప్రోటీన్ గొలుసులు స్ప్రింగుల్లా ముడుచుకుంటాయని అప్పటి పాఠ్యపుస్తకాల నమ్మకం. సూక్ష్మదర్శినిలో కండరతంతువు మీద ముదురు పట్టీ, లేత పట్టీ ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. కేంబ్రిడ్జిలో ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కె కప్ప కండరంతోను, అమెరికాలోని ఎంఐటీలో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ కుందేలు కండరంతోను పరిశీలించి, ముదురు పట్టీ పొడవు మారడం లేదని, లేత పట్టీ మాత్రమే కురచబడుతున్నదని చూశారు. 1954 మే నెలలో నేచర్ పత్రిక ఒకే సంచికలో ఆ రెండు పత్రాలనూ పక్కపక్కనే ప్రచురించింది. (ఇద్దరు హక్స్‌లీలకూ బంధుత్వం లేదు.) మందమైన మయోసిన్ తంతువుల మధ్యకు సన్నని ఆక్టిన్ తంతువులు జారుకుంటూ వస్తాయి, ఏ తంతువూ తనంత తాను పొట్టిబడదు అన్న ఈ వివరణకు జారే తంతువుల సిద్ధాంతం అని పేరు. తంతువు ముడుచుకోదని తేలగానే దానిని ఎవరు జార్చుతున్నారన్నదే మిగిలింది, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో హ్యూ హక్స్‌లీ దానికి కూడా జవాబు చూపారు: మందమైన తంతువు పొడవునా బయటికి పొడుచుకువచ్చిన అడ్డవంతెనలు ఉన్నాయి, అవి మయోసిన్ తలలు. ఒక మందమైన తంతువులో సుమారు 300 మయోసిన్ అణువులు, ఒక్కోదానికి రెండేసి తలలు, తంతువు మధ్యగీతకు ఇరువైపులా ఎదురెదురు ముఖాలతో అమరి ఉంటాయి కాబట్టి రెండు వైపుల ఆక్టిన్ తంతువులూ మధ్యకే లాగబడతాయి. విడి ఆక్టిన్ తంతువుకు మయోసిన్ తలలను అంటించినప్పుడు అవి బాణపు మొనల వరుసలాగా అన్నీ ఒకే దిక్కు చూపడం 1963లో ఆయన చూపిన మరో ముఖ్య సంగతి. తంతువుకు దిశ ఉందనడానికి అంతకంటే స్పష్టమైన సాక్ష్యం అప్పటికి లేదు.

తలలు ఆక్టిన్‌ను ఎలా జరుపుతాయన్న దానికి రసాయనం వైపు నుంచి జవాబు 1971లో వచ్చింది. చికాగో విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లిమ్, ఎడ్విన్ టేలర్ ఆక్టిన్, మయోసిన్, ఏటీపీలను సెకనులో వెయ్యోవంతు వ్యవధులలో కలిపి, ఏ మార్పు ముందు జరుగుతున్నదో, ఏది వెనక జరుగుతున్నదో కొలిచారు. ఏటీపీ వచ్చి చేరిన వెంటనే మయోసిన్ తల ఆక్టిన్‌ను వదిలేస్తున్నది. ఏటీపీ విడిపోవడం ఆ తర్వాతి సంగతి. అంటే ఇంధనం ఇంకా ‘మండక’ ముందే, కేవలం దాని చేరికతోనే, పట్టు విడిపోతున్నది. సెగెద్‌లో ద్రావణం పల్చబడడానికీ, దారం ముడుచుకోవడానికీ వెనక ఉన్నది ఒకే చక్రమని, ఏది కంటికి కనిపిస్తుందన్నది పరిస్థితిని బట్టి మారుతుందని దీనితో స్పష్టమైంది.

ఆ చక్రం ఈ క్రమంలో సాగుతుంది. ఇంధనం లేని తల ఆక్టిన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఇది దానికి అత్యంత ఇష్టమైన స్థితి. ఏటీపీ వచ్చి తలలోని గుంటలో కూర్చోగానే ఆక్టిన్‌ను పట్టుకునే ముఖం ఆకారం మారి, పట్టు వేల రెట్లు బలహీనపడి, తల ఊడిపోతుంది. ఊడిన తలలో ఏటీపీ, ఏడీపీగాను ఫాస్ఫేట్‌గాను విడిపోతుంది గాని ఆ రెండు ముక్కలూ లోపలే ఉంటాయి. ఈలోగా తలకు మెడలా ఉన్న భాగం వెనక్కి వంగి సిద్ధమవుతుంది. బ్రౌనియన్ చలనంలో ఊగుతూ తల మళ్లీ ఆక్టిన్‌ను తాకినప్పుడు, మొదట మెత్తగా అంటుకుని, ఫాస్ఫేట్ బయటికి పోవడంతో పట్టు బిగించి, మెడను ముందుకు విసురుతుంది. శక్తిఘాతం అని పిలిచే ఈ విసురులోనే తంతువు జరుగుతుంది. ఆ తర్వాత ఏడీపీ కూడా బయటికి పోతే తల మళ్లీ మొదటి బిగుసుకున్న స్థితికి వస్తుంది, కొత్త ఏటీపీ వచ్చేవరకూ అక్కడే ఉంటుంది. ఇంధనం ఇచ్చే శక్తి ప్రధానంగా ఖర్చయ్యేది తల తనకిష్టమైన పట్టును వదులుకుని, మళ్లీ వంగి సిద్ధం కావడానికి. లాగడం మాత్రం ఆ పట్టును తిరిగి సంపాదించుకునే దారిలో జరిగే పని. శరీరం మరణించిన కొన్ని గంటలకు కండరాలలో ఏటీపీ అడుగంటిపోయి, తలలన్నీ పట్టు విడవలేక ఎక్కడివక్కడ నిలిచిపోవడమే శవం కొయ్యబారడానికి కారణం. క్యూనే గమనించిన బిగుసుదలకు అర్థం ఈ విధంగా వందేళ్లకు పైగా గడిచాక దొరికింది.

రసాయనం తెలిసినా, కదలిక పుట్టడానికి మయోసిన్, ఆక్టిన్ ఉంటే చాలునా, కండరపు అమరిక అంతా ఉండాలా అన్న సందేహం అలాగే ఉండిపోయింది. దానిని తీర్చినది ఒక నీటిమొక్క. చెరువుల్లో పెరిగే కారా జాతి శైవలాల పొడవాటి కణాలలో లోపలి పదార్థం నదిలా ప్రవహించడాన్ని ఇటలీకి చెందిన బొనవెంతురా కోర్తి 1774లోనే వర్ణించారు. సెకనుకు యాభై మైక్రోమీటర్లు దాటగల ఆ ప్రవాహానికి కారణం ఆక్టిన్ కట్టల మీద పరుగెత్తే మయోసిన్‌లే అని చాలా ఆలస్యంగా తెలిసింది. వాటికి దగ్గరి జాతి అయిన నైటెల్లా కణాన్ని 1983లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ షీట్జ్, జేమ్స్ స్పూడిచ్ నిలువునా కోసి పరిచి, లోపలి ఆక్టిన్ కట్టలను బయటపెట్టి, కండర మయోసిన్ పూసిన సూక్ష్మమైన పూసలను వాటి మీద వదిలారు. ఏటీపీ ఉన్నంతసేపూ పూసలు కట్టల వెంబడి ఒకే దిశలో సాగిపోయాయి. మూడేళ్ల తర్వాత స్టీఫెన్ క్రాన్‌తో కలిసి స్పూడిచ్ దీనిని తలకిందులు చేశారు: గాజుపలక మీద మయోసిన్‌ను అంటించి, పైన మెరిసే రంగు పూసిన ఆక్టిన్ తంతువులను వదిలితే, అవి పలక మీద జరజరా పాకాయి. ఆ మెరుపుకు వాడిన రంగును తంతువుకు అతికించేది ఫాలాయిడిన్, ప్రాణాలు తీసే పుట్టగొడుగు విషం. విషానికి అంతకంటే మంచి ఉపయోగం దొరకదు. ఈ పరీక్ష ఎంత తేలికైనదంటే, తర్వాత ఏ మోటారు ప్రోటీన్ దొరికినా దానికి మొదట పెట్టే పరీక్ష ఇటువంటిదే అయింది.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఐవన్ రేమెంట్, హేజెల్ హోల్డెన్‌ల బృందం కోడి కండరపు మయోసిన్ తలను స్ఫటికంగా మార్చి, ఎక్స్-కిరణాలతో దాని ఆకారాన్ని 1993లో చూపడంతో యంత్రం లోపలి అమరిక బయటపడింది. ఏటీపీ కూర్చునే గుంట ఒకచోట, ఆక్టిన్‌ను పట్టుకునే ముఖం మరోచోట, రెంటికీ దూరంగా పొడవాటి మెడ. గుంటలో ఫాస్ఫేట్ ఉందా లేదా అన్న అతి చిన్న తేడాను మధ్యలోని భాగాలు అందుకుని మెడకు చేరవేస్తాయి, గట్టిగా సాగిన మెడ ఆ తేడాను పెద్దది చేసి చూపుతుంది. మెడను ఇలా తులాదండం అనుకోవచ్చునా అన్న ప్రశ్నకు 1996లో స్పూడిచ్ బృందం మెడ పొడవును జన్యుమార్పుతో తగ్గించి, పెంచి చూసి జవాబిచ్చింది. పొడవు పెరిగిన కొద్దీ తంతువు జరిగే వేగమూ పెరిగింది.

ఒక్క తల ఒక్క విసురులో ఎంత దూరం జరుపుతుందో తెలియడానికి కాంతి పట్టకారు అవసరమైంది. లేజరు కిరణాన్ని కేంద్రీకరిస్తే సూక్ష్మమైన పూస దానిలో చిక్కుకుపోతుంది. ఒక ఆక్టిన్ తంతువు రెండు కొనలకూ రెండు పూసలు అతికించి, రెండింటినీ రెండు కిరణాలలో పట్టి, మధ్యలోని తంతువును ఒకే ఒక్క మయోసిన్ తల అందేంత దగ్గరకు దించి, 1994లో ఫైనర్, సిమ్మన్స్, స్పూడిచ్ కొలిచిన విసురు సుమారు 11 నానోమీటర్లు. కుదుపుల లెక్కను మరింత జాగ్రత్తగా తీసివేసిన తర్వాతి కొలతలు దీనిని సగానికి, అంటే 5 నానోమీటర్ల దగ్గరకు తెచ్చాయి. ఒసాకాలో తొషియో యనగిదా బృందం మాత్రం ఒక ఏటీపీతో మయోసిన్ అనేక చిన్న అడుగులు వేయగలదని, బ్రౌనియన్ కుదుపులలో అనుకూలమైనవాటిని ఏరుకోవడమే దాని అసలు పని అని చాలాకాలం వాదించింది. కండర మయోసిన్ విషయంలో ఎక్కువమంది తులాదండం పక్షమే నిలిచారు, ఆ తీర్పు సాక్ష్యానికి తగినదే. అయినా కుదుపును శత్రువుగా కాక ముడిసరుకుగా చూడాలన్న ఒసాకా పట్టుదల వృథా కాలేదని ఆ తర్వాత వచ్చిన మయోసిన్ల కథ చూపింది.

ఎందుకంటే కండరంలోనిది మయోసిన్లలో ఒకటి మాత్రమే. థామస్ పొలార్డ్, ఎడ్వర్డ్ కార్న్ 1973లో అమీబా నుంచి ఒంటి తల మయోసిన్‌ను తీసినప్పటి నుంచి ఈ కుటుంబం పెరుగుతూనే వచ్చింది. మనిషి జన్యుసంపుటిలో దాదాపు 40 మయోసిన్ జన్యువులు ఉన్నాయి. కండర మయోసిన్ తల తన చక్రంలో నూటికి ఐదు వంతుల కాలమే ఆక్టిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. వందల తలలు కలిసి పనిచేసే చోట ఎక్కువసేపు పట్టుకుని కూర్చున్న తల ఇతర తలలకు అడ్డు. ఒంటరిగా బరువు మోయవలసిన మయోసిన్‌కు మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. ఐదో తరగతి మయోసిన్‌కు రెండు తలలు, ఒక్కోదానికి కండర మయోసిన్ కంటే మూడింతల పొడవైన మెడ ఉంటాయి. దాని తల చక్రంలో ఎక్కువ కాలం పట్టుకునే ఉంటుంది కాబట్టి తాటిచెట్టెక్కే గీత కార్మికుడు నడుము మోకు మీద ఆనుకున్నప్పుడే కాళ్లను, కాళ్ల మీద నిలిచినప్పుడే మోకును పైకి జరిపినట్టు, ఒక తల నిలదొక్కుకున్నాకే రెండో తల కదులుతుంది. 1999లో కాంతి పట్టకారుతో కొలిచినప్పుడు దాని అడుగు 36 నానోమీటర్లుగా తేలింది, అంటే ఆక్టిన్ పెనవేతలో అదే ముఖం తిరిగివచ్చే దూరం. అందుకే అది తంతువు చుట్టూ మెలికలు తిరగకుండా నేరుగా సాగగలదు.

అడుగులు నిజంగా కాలు మార్చి కాలు వేసినట్టు పడుతున్నాయా, లేక ముందుతల ముందే ఉండి వెనకతలను ఈడ్చుకుంటున్నదా అన్నది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 2003లో తేలింది. అహ్మత్ యిల్దిజ్, పాల్ సెల్విన్‌ల బృందం ఒక తల దగ్గర మాత్రమే రంగు అణువును అతికించి, దాని స్థానాన్ని నానోమీటరున్నర ఖచ్చితత్వంతో గుర్తించగా, ఆ అణువు ఒక్కసారిగా 74 నానోమీటర్లు దూకి, తర్వాతి అడుగులో కదలకుండా ఉండడం కనిపించింది. వెనకతల ముందుతలను దాటిపోతే తప్ప ఇది సాధ్యం కాదు. 2010లో జపాన్‌లోని కనజావా విశ్వవిద్యాలయంలో నొరియుకి కొదెరా, తొషియో ఆండో అతివేగపు పరమాణుబల సూక్ష్మదర్శినితో ఆ నడకను చలనచిత్రంగానే తీశారు. వెనకతల ఏటీపీని అందుకుని ఊడిన క్షణంలోనే ముందుతల మెడ ముందుకు ఒరుగుతుంది, ఊడిన తల ఆ ఒరుగుదలతో ముందువైపుకు వచ్చి, మిగిలిన దూరాన్ని బ్రౌనియన్ ఊగిసలాటతో వెతికి తన చోటు పట్టుకుంటుంది. రెండు తలలూ తంతువు మీద ఉన్నప్పుడు మధ్యలోని బిగువు ముందుతలను ఏడీపీ వదలనీయకుండా ఆపుతుంది. ఏడీపీ పోనిదే ఏటీపీ రాదు, ఏటీపీ రానిదే పట్టు విడవదు. ఎవరు ముందు విడవాలన్న ఆ క్రమం వల్లనే అది కొన్ని డజన్ల అడుగులు కింద పడకుండా నడుస్తుంది.

ఇప్పటికి చెప్పినవన్నీ ధనకొన వైపు పోయేవి. ఆరో తరగతి మయోసిన్ ఎదురుదిశలో నడుస్తుందని 1999లో తెలిసినప్పుడు అదొక సంచలనం. మెడ మొదట్లో చేరిన ఒక అదనపు ముక్క మెడను వేరే వైపు తిప్పివేయడమే దానికి కారణమని తర్వాతి స్ఫటిక చిత్రాలు చూపాయి. ఇంజను అదే, చివర్లో దిశ మాత్రం మారింది. ఆ మయోసిన్ జన్యువు చెడిన ఎలుకలు చెవిటివై గుండ్రంగా తిరుగుతాయి, ఎందుకంటే లోపలి చెవిలోని రోమకణాలు తమ ఆక్టిన్ కట్టలను సరిగా నిలబెట్టుకోలేవు. ఏడో తరగతి మయోసిన్ ఒకటి చెడితే మనుషులకు చెవుడూ క్రమంగా చూపు కోల్పోవడమూ కలిసివచ్చే అషర్ వ్యాధి వస్తుంది; ఐదో తరగతిది చెడితే రంగురేణువులు కణం అంచుకు చేరక వెంట్రుకలు వెండిరంగుకు మారే గ్రిసెల్లి వ్యాధి వస్తుంది. పెద్ద దూరాలకు సరుకులను మోసేది మైక్రోట్యూబుల్ అనే వేరే దారుల మీద నడిచే కైనెసిన్, డైనీన్ మోటార్లు; ఆక్టిన్ మీది మయోసిన్ వాటి నుంచి సరుకు అందుకుని గమ్యం దగ్గర చివరి కొద్ది దూరం చేర్చడమే ఎక్కువ.

వైద్యం దృష్టిలో గుండె మయోసిన్‌దే పెద్దపీట. గుండె గోడలు మందమయ్యే వంశపారంపర్య జబ్బుకు బీటా మయోసిన్ జన్యువులోని ఒక ఉత్పరివర్తన కారణమని 1990లో హార్వర్డ్ పరిశోధకులు గుర్తించారు. మందమైన తంతువు మీద కొన్ని తలలను తంతువుకే ఆనించి, పనికి పోకుండా ఆపి ఉంచే ప్రోటీన్ ఒకటుంది, దాని పేరు మయోసిన్-బైండింగ్ ప్రోటీన్ సి. దాని జన్యువులో 25 అక్షరాలు తొలగిపోయిన మార్పు భారత ఉపఖండపు జనాభాలో నూటికి నలుగురిలో ఉందని, అది ఉన్నవారిలో గుండె జబ్బు ముప్పు ఎక్కువని హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి చెందిన కుమారసామి తంగరాజ్‌తో కలిసి పెరుందురై ధండపాణి, ఇతర సహచరులు 2009లో ప్రకటించారు. ఆ మార్పు ఉన్న ప్రతివారికీ జబ్బు వస్తుందని కాదు. ముప్పు సాధారణంగా నడివయసు తర్వాత బయటపడుతుంది కాబట్టే, పిల్లలు పుట్టే వయసు దాటాక నష్టం చేసే ఆ మార్పు తరతరాలుగా వడకట్టబడకుండా మిగిలిపోయింది.

గుండె విశ్రాంతిగా ఉన్న క్షణంలో కూడా చాలా తలలు ఏటీపీని కొద్దికొద్దిగా వాడుతూ ఆక్టిన్‌ను అందుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. మరికొన్ని తంతువుకు ఒదిగిపోయి అంతకంటే అయిదారు రెట్లు నెమ్మదిగా ఇంధనం వాడుతూ పడుకుంటాయి. గోడలు మందమైన గుండెలలో పడుకోవలసిన తలలు లేచి ఉండడం వల్ల గుండె అవసరానికి మించి బిగుసుకుంటున్నదన్నది ఇప్పుడు బలంగా నిలిచిన అభిప్రాయం. అమెరికాలో 2022లో అనుమతి పొందిన మావకామ్టెన్ అనే మందు మయోసిన్ తలకే అంటుకుని, ఎక్కువ తలలను ఆ పడుకున్న స్థితిలో ఉంచుతుంది, దానితో ఆక్టిన్‌ను అందుకునే తలల సంఖ్య తగ్గుతుంది. అవసరానికి మించి తగ్గితే గుండె రక్తాన్ని తోసే శక్తే పడిపోయి గుండె వైఫల్యానికి దారితీయవచ్చు గనుక, ఆ మందు వాడేవారికి మోతాదు నిర్ణయించేటప్పుడూ ఆ తర్వాతా ఎకోకార్డియోగ్రామ్‌తో గుండె పనితీరును మళ్లీ మళ్లీ కొలిచి చూస్తారు.